నీళ్లుంటే యాడ కాగుతాది

పొద్దుటూరులో రేడియేటర్ అంటే వీరన్న, వీరన్న అంటే రేడియేటర్. మైదుకూరు రోడ్డులో ఆయన రేకుల షెడ్డు ముందు నలభై ఏళ్లుగా లారీలూ ట్రాక్టర్లూ జీపులూ బానెట్లు తెరుచుకుని వరసలో నిలబడ్డాయి. ఆయన మాట మీద ఇంజన్లు విప్పారు, బండ్లు అమ్మారు, డ్రైవర్లను తీసేశారు కూడా. అలాంటి మనిషికి అరవై నాలుగో ఏట, నడి వేసవిలో, ఒక కాగితం ముక్క అన్నం సయించకుండా చేసింది.

ఆ కాగితం ఇంగ్లండు నుంచి ఒక అట్టపెట్టెలో వచ్చింది. పెట్టె తెప్పించినవాడు బంగారు అంగడి రామమోహన్ శెట్టి కొడుకు సాయినాథ్. వాళ్ల గోడౌన్‌లో గోనెపట్టాల కింద పందొమ్మిదేళ్లుగా పడి ఉన్న తాత కారును మళ్లీ రోడ్డెక్కించాలని ఆ పిల్లవాడి పట్టుదల. అరవైల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, కూర్చుంటే నేల చేతికి తగిలేటంత పొట్టిది. ఎప్పుడో జమ్మలమడుగులో పనిచేసిన తెల్ల ఇంజనీరు ఒకాయన ఊరు విడిచిపోతూ తాతకు అమ్మిపోయాడు. మంచు దేశంలో పుట్టి కడప జిల్లాకు కాపురానికొచ్చింది పాపం, ఎన్ని పాట్లు పడిందో దానికే తెలియాలి.

వీరన్న ఆ రోజు షెడ్డులో రేడియేటర్ గొట్టాలకు పట్టిన బోరునీళ్ల ఉప్పు గీకుతున్నాడు. సాయినాథ్ పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. హెడ్ గ్యాస్కెట్, రబ్బరు పైపులు, ఫ్యాన్ బెల్టు, చివరగా అరచేతిలో పట్టేంత ఇత్తడి థర్మోస్టాట్.

"ఇది దేనికి తెప్పించినావప్పా, దుడ్లు దండగ," అన్నాడు వీరన్న. "చలి దేశాల్లో ఇంజన్ తొందరగా వేడెక్కాలని పెడతారు. మన ఎండకు అది అడ్డం. నేను బండి ముట్టుకుంటే మొదట పీకేది దాన్నే. మా గురువు హుమాయున్ సాబు నాకు నేర్పిన మొదటి పని అది."

"కాదు మామా, కాగితంలో వేరే రాసినారు చూడు," అని సాయినాథ్ మడత విప్పి చదివి చెప్పాడు. "ఈ ఇంజన్‌ను థర్మోస్టాట్ లేకుండా నడపరాదంట. తీసేస్తే కాగిన నీళ్లు రేడియేటర్‌కు పోవంట. అడ్డదారిన మళ్లీ ఇంజన్‌లోకే పోతాయంట. సాపు రోడ్డులో తెలీదంట గానీ ఎక్కుడులో నీళ్లు నిండుగా ఉన్నా కాగిపోతాదంట."

వీరన్న చేతిలోని గీకుడు బిళ్ల ఆగిపోయింది. లేచి ఇంజన్ దగ్గరికి పోయి, ఆ ఇత్తడి వస్తువును దాని గూట్లో పెట్టి వంగి చూశాడు. కాగితం చెప్పింది నిజమే. కాగిన నీళ్లకు రెండు దారులున్నాయి. పెద్దది రేడియేటర్‌కు పోతుంది, అక్కడ నీళ్లు చల్లారి వస్తాయి. చిన్నది తిన్నగా పంపుకు పోతుంది, అక్కడ చల్లారేదేమీ లేదు. థర్మోస్టాట్ వేడికి తెరుచుకున్నప్పుడు దాని కింది అంచు ఆ చిన్నదారిని మూసేస్తుంది. అది లేకపోతే చిన్నదారి బార్లా తెరిచినట్టే. నలభై ఏళ్లలో వేల బండ్లకు పీకి పారేశాడు, వాటికేమీ కాలేదు. ఈ ఒక్క ఇంజన్ కట్టుడు వేరు.

ఈ ఇంజన్‌కు కూడా పీకింది ఆయనే. పందొమ్మిదేళ్ల కిందట, సాయినాథ్ తాత పెద్దశెట్టి పులివెందులకు పోవాలని, రేడియేటర్ ఒకసారి చూడమని కారును పంపితే, ఎవరూ అడగకుండానే మేలు చేస్తున్నాననుకుని పీకి, పాత సామాను డబ్బాలో వేశాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ జరిగిన పని.

మరునాడు ముద్దనూరు ఘాట్‌లో కారు కాగిపోయింది. డ్రైవర్ హబీబుల్లా తువ్వాలు వేసి రేడియేటర్ మూత తిప్పాడు. మరుగుతున్న నీళ్లు ఎగజిమ్మి కుడిచెయ్యి, మెడ, దవడ దాకా కాల్చేశాయి. హెడ్ గ్యాస్కెట్ పోయింది. పెద్దశెట్టి ఆ ఎండలో రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రి మంచం మీద హబీబుల్లా ఒకటే మాట చెప్పాడు. పొద్దుటూరులో నీళ్లు నిండుగా పోసినా, జమ్మలమడుగులో మళ్లీ చూసినా అని.

ఆ మాట నిజమో అబద్ధమో తేల్చుకోవడానికి రామమోహన్ వీరన్న షెడ్డుకు వచ్చాడు. అక్కడ పదిమంది డ్రైవర్లున్నారు. అందరి ముందూ అడిగాడు, నీళ్లు నిండుగా ఉంటే కారు కాగుతాదా అని. వీరన్న తల కూడా ఎత్తకుండా చెప్పాడు.

"నీళ్లుంటే యాడ కాగుతాది శెట్టీ."

ఆ మాటతో హబీబుల్లా పని పోయింది. బండ్ల స్టాండులో డ్రైవర్లు 'నీళ్ల హబీబు' అని పేరు పెట్టారు. పొద్దుటూరులో ఎవరూ ఆయన చేతికి స్టీరింగు ఇవ్వలేదు. భార్య ఊరు పులివెందులకు పోయి, ఒక అరటికాయల మండీలో కావలి పనికి కుదిరాడని తర్వాత ఎవరో చెప్పగా వీరన్న విన్నాడు. విని, అజాగ్రత్తకు అంతే మరి అనుకుని, నిద్రపోయాడు.

ఇప్పుడు నిద్ర లేదు. కాగితం చదివిన సాయినాథ్‌కు ఆనాడు ఎనిమిదేళ్లు. థర్మోస్టాట్ ఎవరు పీకారో వాడికి తెలియదు, వాళ్ల నాయనకూ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాడు తేలు కుట్టిన దొంగలా ఇంజన్ బిగిస్తూ కూర్చున్నాడు. చెప్పాలా? చెప్తే పొద్దుటూరు ఏమంటుంది? నలభై ఏళ్ల పేరు. పదిహేను రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. చివరికి ఒక ఆశను పట్టుకున్నాడు. ఈ కారు జాతే కాగే జాతేమో. థర్మోస్టాట్ ఉన్నా, నీళ్లున్నా, ముద్దనూరు ఘాట్‌లో మళ్లీ కాగితే తప్పు కారుది. అప్పుడు హబీబుల్లా మీదా నింద ఉండదు, తన మీదా ఉండదు. కాగకపోతే మాత్రం తప్పించుకునే సందే లేదు. ఇంత బాగా బిగించిన ఇంజన్ కాగిపోవాలని మొక్కుకున్న మెకానిక్ భూమ్మీద వీరన్న ఒక్కడే అయి ఉంటాడు.

అందుకే పరీక్ష ఎండలోనే చేయాలని పట్టుబట్టాడు. పులివెందులలో సాయినాథ్ మేనత్త ధనలక్ష్మి ఇంట్లో భోజనం. రామమోహన్ వేరే కారులో ముందే పోయాడు. పదిన్నరకు సాయినాథ్ స్టీరింగు పట్టుకున్నాడు, పక్కన వీరన్న కాళ్ల మధ్య ఆర్వో ప్లాంటు నీళ్ల క్యాను పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా గుండ్రటి అద్దంలో వేడి చూపే ముల్లు.

జమ్మలమడుగు దాకా ముల్లు సగం దగ్గర నిలబడి కదల్లేదు. రోడ్డు మీద జనం కారును చూసి నవ్వుతూ చేతులూపారు. సాయినాథ్ కూడా ఊపాడు. వీరన్న ముల్లు మీది నుంచి కళ్లు తియ్యలేదు. అది కదలనికొద్దీ ఆయన గుండె కిందికి జారింది.

జమ్మలమడుగులో సాయినాథ్ కారు ఆపి, చెరకురసం తెస్తానని రోడ్డు దాటి పోయాడు. నీళ్లు చూసే వంకతో వీరన్న బానెట్ ఎత్తాడు. చూడటానికేమీ లేదు, అంతా బాగుంది. అదే ఆయన బాధ. జేబులో పానా ఉంది. పంపునూ ఫ్యానునూ తిప్పేది ఒకే బెల్టు, దాన్ని బిగపట్టి ఉంచేది డైనమో పక్కనున్న ఒక బోల్టు. ఒకటిన్నర చుట్టు వదిలితే చాలు. సాపు రోడ్డులో ఏమీ తెలియదు, ఎక్కుడులో బెల్టు జారుతుంది.

రోడ్డు అవతల సాయినాథ్ గ్లాసులు అందుకుంటున్నాడు. వీరన్న చెయ్యి బోల్టు మీదికి పోయింది. ఒక్కసారి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పోయింది. నలభై ఏళ్లుగా బిగించడమే తెలిసిన చెయ్యి ఒకటిన్నర చుట్టు వదిలేసి, ఏమీ ఎరగనట్టు బానెట్ మూసింది.

"నీళ్లెట్లున్నాయి మామా?"

"నిండుగా ఉండాయప్పా," అన్నాడు వీరన్న.

ఘాట్ మొదలైంది. మొదటి మలుపులోనే బెల్టు కీచుమంది. సాయినాథ్ ఆయన వైపు చూశాడు.

"ఏందది?"

"కొత్త బెల్టు గదా. అట్లే అంటాది."

రెండో మలుపుకు ముల్లు సగం దాటింది. రెండు వైపులా ఎర్రరాళ్లు సెగలు కక్కుతున్నాయి. ముందు సిమెంటు లారీ ఒకటి నత్తలా ఎక్కుతోంది, దాన్ని దాటే చోటు లేదు. సాయినాథ్ గేరు తగ్గించాడు. ముల్లు ఇంకొంచెం జరిగింది. వీరన్న అనుకున్నదే జరుగుతోంది. మనసు ఒకవైపు కానీ కానీ అంటుంటే, చెవి మాత్రం ఇంజన్ శబ్దం విని ఆపరా ఆపరా అంటోంది. బాధపడుతున్న ఇంజన్ మూలుగు ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"మామా, ఎర్రగీతకు వచ్చినాది."

వీరన్న ముందున్న లారీ వైపు చూశాడు.

"మామా, ఏం చేయల్ల చెప్పు."

"పక్కకు తీసి ఆపు."

ఆపిన చోటును వీరన్న గుర్తుపట్టాడు. ఆనాడు లారీతో కారును లాక్కుపోవడానికి తనే వచ్చిన మలుపు అది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొడుతోంది. సాయినాథ్ ఒక్క గెంతున దిగి బానెట్ ఎత్తాడు. కొత్త గ్యాస్కెట్ పోతుందన్న కంగారు తప్ప వాడి ముఖంలో ఇంకేమీ లేదు. సీటు వెనకున్న తువ్వాలు లాగి, రేడియేటర్ మూత మీద వేసి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

వీరన్న కాళ్ల మధ్య క్యాను ఇరుక్కుంది. దాన్ని తన్ని, తలుపు తెరవడం మరిచిపోయి పైనుంచి దూకాడు. సాయినాథ్ భుజం పట్టుకుని ఎంత గట్టిగా లాగాడంటే ఇద్దరూ కంకర మీద పడ్డారు. మూత అప్పటికే కొంచెం తిరిగి ఉంది. పక్కనుంచి సన్నటి వేడినీటి తీగ బుస్సుమని లేచి తువ్వాలును ఎగరగొట్టింది. సాయినాథ్ ముఖం ఉండాల్సిన చోటు నుంచి పోయింది అది.

వీరన్న మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఆయనకు అది తెలియడం లేదు. హబీబుల్లాకు జరిగింది ఆయన ఇన్నేళ్లూ చెవులతో విన్నాడు, ఈ రోజు కళ్లతో చూశాడు.

"బెల్టు నేనే వదులు చేసినా," అన్నాడు.

సాయినాథ్‌కు అర్థం కాలేదు.

"జమ్మలమడుగులో. నువ్వు రసానికి పోయినప్పుడు. కారు కాగల్లని చేసినా."

అంతా చెప్పేశాడు. పీకిన థర్మోస్టాట్, షెడ్డు ముందు పదిమందిలో అన్న మాట, కాగితం చదివిన రోజు నుంచి అణిచిపెట్టుకున్న భయం. సాయినాథ్ వింటూ తన రెండు చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా మొగం కాలిపోయింటాది మామా."

"అవును."

"నీ పేరు కోసం."

వీరన్న తల వంచుకున్నాడు. అబద్ధమైతే కాదనగలడు గానీ, అది నిజం. సాయినాథ్ లేచి దుమ్ము దులుపుకుని, దూరంగా పోయి వాళ్ల నాయనకు ఫోను చేశాడు. వెనక్కి వచ్చి, ముఖం చూడకుండా చెప్పాడు.

"బెల్టు బిగించు. హబీబుల్లా ఇంటికి పోతాండాం. అరటి మండీలో ఇల్లు అడిగి నాయన గూడా ఆడికే వస్తాడు. ఏం సంగతో నేను చెప్పలేదు. నువ్వే చెప్పల్ల."

ముక్కాలు గంట ఆగారు. ఇంజన్ చల్లబడ్డాక వీరన్న బెల్టు బిగించాడు, మూత మెల్లగా తీసి తగ్గిన నీళ్లు పోశాడు. మిట్టమధ్యాహ్నం కారు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. ఇందాకటి కంటే ఎండ ఎక్కువ, ఎక్కుడు ఎక్కువ. ముల్లు సగం దగ్గరికి వచ్చి నిలబడింది. ఘాట్ దిగేదాకా అక్కడే నిలబడింది. చలిదేశపు కారు కడప జిల్లా ఎండలో ఆడుతూ పాడుతూ పోయింది. దాని జాతిలో ఏ లోపమూ లేదు.

పులివెందులలో అరటి మండీ వెనక సందులో హబీబుల్లా ఇల్లు. గుమ్మం ముందు వేపచెట్టు నీడలో నులకమంచం, దాని మీద ఆయన. మెడ నుంచి దవడ దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. పక్కన రామమోహన్ నిలబడి ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదట. సందులోకి కారు రాగానే హబీబుల్లా లేచి నిలబడ్డాడు. ఆయన చూపు బానెట్ మీదే ఉంది.

వీరన్న దిగి ఆయన ఎదుట నిలబడ్డాడు.

"హబీబూ, ఆ దినం నువ్వు నీళ్లు పోసినావు. కారు కాగింది నా వల్ల," అన్నాడు. థర్మోస్టాట్ పీకిన సంగతి, అది లేకపోతే నీళ్లు ఏ దారిన పోతాయో ఆ సంగతి, డ్రైవర్‌కు చెప్పినట్టే చెప్పాడు. "నీళ్లుంటే కాగదని శెట్టితో నేనన్న మాట తప్పు. నీళ్లుండాయి. కాగినాది."

రామమోహన్ గోడకు చెయ్యి ఆనించాడు. హబీబుల్లా బానెట్ మీది నుంచి చూపు వీరన్న మీదికి తిప్పాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"నేను పోసినానా?"

వీరన్న తల ఊపాడు.

"నిజంగా పోసినానా వీరన్నా? మొదట్లో పోసినా పోసినా అని అందరితో కొట్లాడితి. నాలుగైదేండ్లకు అలిసిపోయినా. ఇంతమంది చెప్తాంటే నేనే మర్చిపోయింటాలే అనుకున్యా. యాడ పోసినానో, ఏ బిందెతో పోసినానో, ఆ గురుతు గూడా పోయింది నాకు. పెద్దాయన్ను ఎండలో కూర్చోబెట్టినానే అని ప్రతి శుక్రవారం దేవుణ్ని క్షమాపణ అడుగుతాండా."

వీరన్న ఏడ్చాడు. షెడ్డులో చేతులు కాలినప్పుడు కూడా ఏడవని మనిషి, నడి సందులో, ఇద్దరు శెట్ల ముందు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. రామమోహన్ దగ్గరికి వచ్చి హబీబుల్లా కాలిన చెయ్యి పట్టుకున్నాడు.

"వీరన్నను అడిగినా గానీ నిన్ను అడగలేదు హబీబూ. నువ్వు చెప్తాంటే ఇనలేదు. ఆ తప్పు నాది," అన్నాడు.

హబీబుల్లా చెయ్యి లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. ఇంట్లోకి చూసి కొడుకును పిలిచాడు. జమాల్ బయటికి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, ఆటో నడుపుతాడు, అన్నం తింటున్న చెయ్యి ఇంకా కడుక్కోలేదు.

"వీడికి బండి నేర్పిన దినం నేనే చెప్పినా," అన్నాడు హబీబుల్లా. "నీళ్లు మర్చిపోయి చెడిపోయినా నాయనా, నువ్వు మర్చిపోవద్దు అని. ఇంగొకసారి చెప్పు వీరన్నా. వీడు ఇనల్ల."

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. జమాల్ కళ్లార్పకుండా విన్నాడు. అయిపోయాక అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పదహైదు దినాలైంది."

"పదహైదు దినాలు ఏం చేస్తాంటివి?"

సాయినాథ్ నోరు తెరవబోయి, వీరన్న వైపు చూసి ఊరుకున్నాడు.

"కారు కాగుతాదేమో చూస్తాంటి," అన్నాడు వీరన్న ఎట్టకేలకు. "కాగేటట్లు గూడా చేసినా. ఈ పిల్లోడు కాలిపోయేటోడు."

జమాల్ ముఖం ఎర్రబడింది. ఒక అడుగు ముందుకు వేశాడు. హబీబుల్లా చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు పొద్దుటూరు స్టాండులో చెప్తా హబీబూ," అన్నాడు వీరన్న. "ఏ డ్రైవర్ల ముందర అంటినో ఆ డ్రైవర్లందరి ముందర చెప్తా. నువ్వు గూడా రా. నిన్ను పక్కన నిలబెట్టుకుని చెప్తా."

హబీబుల్లా మంచం మీద కూర్చున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నేను రాను. నేనుంటే మొగమాటానికి చెప్పినాడంటారు. ముసలోని మీద జాలిపడి తప్పు నెత్తినేసుకున్యాడు, వీరన్న శానా మంచోడు అంటారు. మళ్లీ నీకే పేరు. నువ్వొక్కడివే పోయి చెప్పు."

"అట్లే పోయి చెప్తా," అన్నాడు వీరన్న. పొద్దున ఏడు గంటలకు స్టాండులో ఎంతమంది ఉంటారో ఆయనకు తెలుసు. వాళ్లలో సగం మంది బండ్లు ఆయన షెడ్డుకు వచ్చేవే.